ఇల్లు మళ్లీ తాకట్టు పెడుతున్నారా? ముందు లెక్క చూసుకోండి

మంత్రాలయం, కోసిగి, కౌతాళం పల్లెల్లో వాన ఎగ్గొడితే సుగ్గికి పోవాల్సిందే. పోయేలోపు పాత బాకీ సర్దాలి. "ఇంటి కాగితాలు ఇక్కడ విడిపించి, ఇంకోచోట పెట్టి నాలుగు రూకలు ఎక్కువ తీసుకుందాం" అన్న ఆలోచన అప్పుడే వస్తుంది. నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. దాన్ని తీర్చి తక్కువ వడ్డీకి మారడం తప్పు కాదు. కానీ ఈ సంగతులు తెలియకుండా సంతకం పెట్టకండి.

నోటు వేరు, తనఖా వేరు: ప్రామిసరీ నోటు బాకీ మీద కోర్టు డిక్రీ ఇచ్చినా, రైతు తానుంటున్న ఇంటిని జప్తు చేయడానికి వీల్లేదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ఈ రక్షణ ఇచ్చింది. అదే ఇంటిని మీరే తనఖా రాసిస్తే ఆ రక్షణ పోయినట్లే. నోటు బాకీ తీర్చడానికి ఇల్లు తాకట్టు పెట్టేవారు ఇది బాగా ఆలోచించాలి.

చేనుకున్న మినహాయింపు ఇంటికి లేదు: 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు సాగు భూమిని స్వాధీనం చేసుకోలేదు. ఇంటిని చేసుకోవచ్చు. లక్ష రూపాయలకు మించిన అప్పు మొండిబాకీ అయితే 60 రోజుల నోటీసు ఇస్తారు. ఆ తర్వాత కోర్టులో దావా వేయకుండానే ముందుకు పోతారు. నోటీసు వస్తే దాచిపెట్టకండి. అభ్యంతరం ఉంటే రాసి ఇవ్వండి. దానికి 15 రోజుల్లో బ్యాంకు జవాబు చెప్పాలి.

కంతు తగ్గితే అప్పు తగ్గినట్లు కాదు: ఉదాహరణకు మీకు 2 లక్షల బాకీ, 18 శాతం వడ్డీ, ఇంకా మూడేళ్ల గడువు ఉందనుకోండి. నెలకు సుమారు 7,230 రూపాయల చొప్పున మొత్తం 2 లక్షల 60 వేలు కడతారు. దాన్ని 15 శాతానికి మార్చి పదేళ్లు పెట్టుకుంటే కంతు 3,227కు దిగుతుంది. కానీ మొత్తం కట్టేది 3 లక్షల 87 వేలు! వడ్డీ శాతం తగ్గింది, చేతినుంచి పోయేది లక్షా 27 వేలు పెరిగింది. కాబట్టి కంతు ఎంత అని మాత్రమే కాదు, మొత్తం ఎంత అని అడగండి. రిజిస్ట్రేషన్, ఫీజుల ఖర్చు కూడా కలుపుకోండి.

క్రయం రాయకండి: తాకట్టు అని చెప్పి కొందరు శుద్ధ క్రయం రాయించుకుంటారు. "డబ్బు కట్టగానే తిరిగి రాసిస్తా" అని వేరే కాగితం ఇస్తారు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం ఆ షరతు అదే దస్తావేజులో లేకుంటే అది తనఖా కిందకు రాదు. నిజమైన తనఖా అయితే గడువు దాటినా, కోర్టు తీర్పుతో హక్కు పోనంతవరకు, 30 ఏళ్లలోపు విడిపించుకోవచ్చు.

పాత తనఖా రద్దు చేయించండి: బాకీ తీరగానే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో రద్దు పత్రం రిజిస్టరు చేయించి, ఈసీ తీసి చూసుకోండి. లేకుంటే పాత భారం అట్లే కనబడుతుంది. బ్యాంకయినా, ఫైనాన్సు కంపెనీ అయినా పూర్తిగా కట్టిన 30 రోజుల్లో అసలు కాగితాలు తిరిగివ్వాలి. వారి తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5 వేల చొప్పున మీకు చెల్లించాలి. ఈ రిజర్వు బ్యాంకు నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమలులో ఉంది.

పంట పెట్టుబడికి ఇల్లెందుకు?: 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు పంట రుణానికి బ్యాంకులు తాకట్టు అడగకూడదు. ముందు ఆ దారి చూడండి.

కాగితం చదవడం రాకపోతే చదివించుకోండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవారికి న్యాయ సేవాధికార సంస్థలో సలహా ఉచితం. చేను ఒక ఏడు పండకపోయినా మరో ఏడు పండుతుంది. ఇల్లు పోతే సుగ్గి నుంచి తిరిగొచ్చి దిగడానికి చోటుండదు.