కర్రిగాడు నిద్రలో ఎందుకు ఉరుకుతడు?



పోయిన శనివారం పగటి అన్నం తిన్నంక వంటశాల వెనుక వేపచెట్టు కింద ఏం జరిగిందో మీలో చాలామంది చూశారు. మన కర్రిగాడు పక్కకు ఒరిగి పండుకున్నడు. ఉన్నట్టుండి నాలుగు కాళ్లు ఆడిచ్చిండు. మూతి వణికింది. నోరు తెరవకుండనే 'ఉఫ్ ఉఫ్' అని మొరిగిండు, తర్వాత కుయ్ కుయ్ అన్నడు. ఒకరు "దానికి దయ్యం కనబడ్డది" అన్నరు. ఇంకొకరు "పిచ్చి లేచింది" అన్నరు. ఆరో తరగతి పిల్ల భయపడి రాయి విసిరింది. వాడు దిగ్గున లేచి పళ్లు చూపిండు. ఆ రోజు నుంచి "పిచ్చికుక్కను దూరం తీసుకపోయి వదిలిపెట్టాలె" అని మాట నడుస్తున్నది. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. కర్రిగానికి పిచ్చి లేదు. వాడు కల కన్నడు.

మాది అమ్రాబాద్ అవతల నల్లమల అడవిలో ఒక పెంట. ఇదివరకు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. మా చెంచుల ఇండ్లల్ల కుక్క లేని ఇల్లు తక్కువ. తేనెకు పోయినా, గడ్డలకు పోయినా కుక్క వెంట ఉంటది. ఎలుగుబంటి దగ్గరుంటే మనకన్న ముందు దానికే వాసన తెలుస్తది. రాత్రి మంట పక్కన పండుకొని అది కాళ్లు ఆడిస్తుంటే నేను లేపబోయేదాన్ని. మా తాత నా చెయ్యి పట్టి ఆపి, "అది అడవికి పోయింది బిడ్డా, దాని అంతట అదే వస్తది, రానియ్యి" అనేవాడు. తాత చదువుకోలేదు. కానీ సైన్సు టీచరును అడిగి, పుస్తకాలు చూసినంక తాత మాట చాలావరకు నిజమే అనిపించింది.

నిద్రలో ముఖ్యంగా రెండు రకాలు ఉన్నాయి. మొదటిది నెమ్మది నిద్ర. అప్పుడు ఊపిరి నిదానంగా, ఒక్క తీరుగా ఆడుతది. కొంతసేపటికి రెండో రకం వస్తది. దాన్ని కలల నిద్ర అందాం. అప్పుడు మూసిన రెప్పల కింద కళ్లు అటూ ఇటూ కదులుతయి. ఊపిరి ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అవుతది. మెదడు మాత్రం మేలుకున్నప్పటి లాగానే పని చేస్తుంటది. ఈ సంగతి 1953లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనేవారు మనుషుల మీద కనిపెట్టి ప్రకటించారు. కళ్లు అట్ల కదిలేటప్పుడు లేపితే చాలామంది తమకు వచ్చిన కల చెప్పారు.

మరి కలలో ఉరికితే మనం మంచం దిగి ఎందుకు ఉరకం? రాత్రి మన హాస్టలు గేటుకు తాళం వేస్తారు గదా. లోపల మనం ఎంత అల్లరి చేసినా బయటికి పోలేం. అట్లనే కలల నిద్రలో మెదడు కింది భాగం ఒంటికి తాళం వేస్తది. ఉరుకు అనే ఆజ్ఞ కండరాల దాకా పోదు. ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరంలో మిషెల్ జూవే అనే శాస్త్రవేత్త 1959 ప్రాంతంలో పిల్లుల మీద ఈ సంగతి పరిశోధించాడు. మెదడులో ఆ తాళం వేసే భాగం చెడిన పిల్లులు నిద్రలోనే లేచి నిలబడి, కనబడని ఎలుకను పట్టబోయినట్టు చేశాయి. మామూలు కుక్కకు తాళం గట్టిగనే ఉంటది, కానీ అప్పుడప్పుడు కొంచెం వదులైతది. ఆ సందులోంచి బయటపడేవే ఆ కాళ్ల కదలికలు, ఆ చిన్న మొరుగుడు. కుక్కపిల్లలకు కలల నిద్ర ఎక్కువ, అందుకే అవి ఇంకా ఎక్కువ కదులుతయి.

కుక్కకు వచ్చిన కల ఏమిటో అది నోటితో చెప్పలేదు. కానీ ఎలుకల సంగతి కొంత తెలిసింది. 2001లో అమెరికాలోని ఎంఐటీలో లూయీ, విల్సన్ అనే ఇద్దరు ఎలుకలను తిండి కోసం ఒక గుండ్రటి దారిలో తిప్పారు. అప్పుడు మెదడులోని కణాలు ఏ వరుసలో పని చేస్తయో రాసుకున్నారు. తర్వాత కలల నిద్రలో మళ్లీ అదే వరుస కనబడ్డది. అంటే ఎలుక నిద్రలో అదే దారిలో మళ్లీ నడిచినట్టే గదా. కుక్కకు కూడా అట్లనే దాని రోజు మళ్లీ వస్తుండవచ్చు.

ఇంకో ముచ్చట మనకు పనికొచ్చేది. హంగేరీ దేశంలో కుక్కలకు ఇంగ్లీషు మాటలతో 'కూర్చో', 'పండుకో' అని నేర్పారు. నేర్చుకున్నంక నిద్రలో వాటి మెదడు తరంగాలు మారాయని 2017లో ప్రకటించారు. నేర్చినది నిద్రలో గట్టిపడుతదన్నమాట. కాబట్టి పరీక్షల ముందు రాత్రంతా మేలుకునేవాళ్లు ఆలోచించండి.

ఇక అసలు సంగతి. కలకూ జబ్బుకూ తేడా ఇట్ల గుర్తుపట్టాలి.

1. కల అయితే కదలిక చిన్నగా, ఆగి ఆగి ఉంటది. దూరం నుంచి పేరు పెట్టి పిలిస్తే లేచి మనల్ని గుర్తుపడుతది.

2. మూర్ఛ అయితే ఒళ్లంతా బిగుసుకపోయి కొట్టుకుంటది. పిలిచినా లేవదు. నోట నురగ రావచ్చు.

3. పిచ్చి అంటే రేబిస్. అది మేలుకొని ఉన్నప్పుడే కనబడుతది. చొంగ కారుతది, మింగలేదు, తూలుతది, ఊరికెనే మీదికి వచ్చి కరుస్తది. అట్లాంటి కుక్క దగ్గరికి పోకుండా వెంటనే పెద్దలకు చెప్పాలి.

ఏ కుక్క కరిచినా, గీరినా పుండును సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. అదే రోజు దవాఖానకు పోయి టీకా వేయించుకోవాలి. పసరు పోసి ఊరుకోవద్దు.

నిద్రపోయే కుక్కను ముట్టుకోవద్దు, రాయి వేయొద్దు. కలలో ఉన్నదాన్ని అదరగొడితే ఎక్కడున్నదో తెలియక కరవవచ్చు. శనివారం కర్రిగాడు పళ్లు చూపింది అందుకే. తప్పు వానిది కాదు.

వార్డెన్ మేడం గారికి మా మనవి. కర్రిగాన్ని పశువుల డాక్టరుకు చూపించండి, రేబిస్ టీకా వేయించండి. తర్వాత వాడు ఇక్కడ ఉండాలా వద్దా అనేది పెద్దల ఇష్టం. కానీ కల కన్నందుకు పిచ్చి అని పేరు పెట్టి పంపకండి.

చివరికి ఒక మాట. మన గదిలో కొత్తగా వచ్చిన చిన్నపిల్ల రాత్రి నిద్రలో "అవ్వా, అవ్వా" అంటది. పొద్దున మనం దాన్ని ఎక్కిరిస్తం. నేనూ ఎక్కిరించిన. ఇప్పుడు తాత మాట గుర్తుకొస్తున్నది. అది ఇంటికి పోయి వస్తున్నది. రానిద్దాం.

— 9వ తరగతి విద్యార్థిని