క్షమించే హక్కు ఎవరిది?

కిందటి నెలలో బి.ఏ. విద్యార్థులకు పోతనగారి భాగవతం ప్రథమ స్కంధం చెబుతున్నాను. నిద్రపోతున్న ద్రౌపది కొడుకులు అయిదుగురినీ అశ్వత్థామ చంపాడు. అర్జునుడు వాణ్ణి పశువును కట్టినట్టు కట్టి తెచ్చి ఆమె ముందు నిలబెట్టాడు. ఆ తల్లి, తనలాగే ఇతని తల్లి కూడా కడుపుకోతతో ఏడవకూడదని, వదిలెయ్యమంది. ఈ ఘట్టం వచ్చినప్పుడల్లా నా గొంతు కొంచెం వణుకుతుంది. ఇరవై ఏళ్లుగా అంతే.

ఈసారి వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది.

"ద్రౌపది వదిలెయ్యమంది, బాగానే ఉంది మాస్టారూ. మరి అశ్వత్థామ ఏమన్నాడు?"

"ఏమీ అనలేదమ్మా. సిగ్గుతో తల వంచుకున్నాడు."

"తల వంచుకుంటే సరిపోతుందా?"

ఇంతలో గంట కొట్టారు. సంగతి తర్వాత తెలిసింది. వాళ్ల ఊళ్లో ఎన్నికల కక్షల్లో ఆమె తండ్రిని చంపారట. సాక్ష్యం చెప్పడానికి ఎవరూ ముందుకు రాక కోర్టులో కేసు నిలవలేదు. ఇప్పుడు ఊరి పెద్దలు జాతరలోగా రెండు ఇళ్లవాళ్లనూ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెట్టిస్తామంటున్నారట. తల్లి ఒప్పుకోవడం లేదు.

ఆ పిల్లకు చెప్పవలసిన జవాబు పోతనగారి దగ్గర సగమే దొరికింది. తక్కిన సగం కోసం దక్షిణాఫ్రికా దాకా పోవలసివచ్చింది, పుస్తకాల్లోనే లెండి.

అక్కడ తెల్లవారి వర్ణవివక్ష పాలన 1994లో ముగిసింది. నెల్సన్ మండేలా అధ్యక్షుడయ్యాడు. కాని దశాబ్దాలపాటు పోలీసులు చేసిన హత్యలకూ, ఎదురు తిరిగినవాళ్లు చేసిన హత్యలకూ లెక్క తేలలేదు. నేరం చేసినవాళ్లందరినీ జైల్లో పెడదామంటే మళ్లీ నెత్తురు పారేట్టుంది. అందరినీ వదిలేద్దామంటే చచ్చిపోయినవాళ్లకు అన్యాయం. అందుకని 1995లో చట్టం చేసి, సత్యాన్నీ సయోధ్యనూ సాధించడానికి ఒక సంఘాన్ని నియమించారు. ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ దానికి అధ్యక్షుడు. రాజకీయ కారణంతో నేరం చేసినవాడు ఆ సంఘం ముందు పూర్తి నిజం చెబితే శిక్ష తప్పవచ్చు, దాచిపెడితే తప్పదు. చిత్రమేమిటంటే, పశ్చాత్తాపపడి తీరాలని గాని, క్షమాపణ కోరాలని గాని ఆ చట్టం అడగలేదు. మా అమ్మాయి అడిగిన ప్రశ్నే అక్కడా చాలామంది అడిగారు.

1996 ఏప్రిల్‌లో ఈస్ట్ లండన్ అనే ఊళ్లో మొదటి బహిరంగ విచారణ జరిగింది. 1985లో చంపబడ్డ క్రాడక్ ఊరి ఉద్యమకారులు నలుగురిలో ఫోర్ట్ కలాటా ఒకడు. అతని భార్య నొమోండే సాక్ష్యమిస్తూ, ఆపుకోలేక ఒక్క కేక పెట్టింది. ఆ కేకను ఆ దేశం ఇవాళ్టికీ మరిచిపోలేదు. అన్నేళ్లూ ఇంటి గోడల మధ్య ఉన్న దుఃఖం అప్పుడు నలుగురిలోకి వచ్చింది.

మనసులు కలిసిన సందర్భాలూ ఉన్నాయి. 1993లో కేప్‌టౌన్ దగ్గర గుగులెతులో ఏమీ బీల్ అనే అమెరికన్ విద్యార్థినిని, తెల్లపిల్ల అన్న ఒక్క కారణానికి ఒక గుంపు చంపింది. ఆమె వయస్సు 26. శిక్షపడిన నలుగురు యువకులూ 1998లో విడుదలవుతుంటే ఆమె తల్లిదండ్రులు అడ్డుచెప్పలేదు. కూతురి పేరుతో వాళ్లు పెట్టిన సేవాసంస్థలోనే ఆ నలుగురిలో ఇద్దరు తర్వాత పనిచేశారు. ఆ ఇద్దరూ పొట్లాడింది ఏ పేటలో అయితే, ఆ పేట పిల్లలకోసమే ఆ సంస్థ నడిచింది.

ఇలాంటిదాన్నే ఇప్పుడు పునరుద్ధరణ న్యాయం అంటున్నారు. నేరగాడికి ఎంత శిక్ష వెయ్యాలన్న దానికన్నా, దెబ్బతిన్నవాళ్లకు ఏం కావాలి, అది ఎవరు తీర్చాలి అన్నదే దాని మొదటి ప్రశ్న.

అయితే ఆ దేశం కూడా మాట పూర్తిగా నిలుపుకోలేదు. బాధితులకు ఆరేళ్లపాటు ఏటేటా సొమ్ము ఇవ్వాలని సంఘం సిఫార్సు చేస్తే, ప్రభుత్వం 2003లో ఒక్కసారిగా 30,000 ర్యాండ్లు ఇస్తామని సరిపెట్టింది. క్రాడక్ హత్యల పోలీసులకు 1999లో క్షమాభిక్ష నిరాకరించారు గాని, ఆ తర్వాత వాళ్లను బోను ఎక్కించినవాళ్లు లేరు. అలాంటి కేసులను ఎవరైనా కావాలని ఆపించారా అని తేల్చడానికి 2025లో మరో విచారణ సంఘం వెయ్యవలసివచ్చింది. నలభై ఏళ్లు! అన్నేళ్లు ఓర్చుకున్నవాళ్లు ఆ నలుగురి భార్యలూ బిడ్డలూ.

మరునాటి క్లాసు అయ్యాక ఆ అమ్మాయిని పిలిచి ఇదంతా చెప్పాను. "క్షమించడం ద్రౌపది హక్కమ్మా. ధర్మరాజు గాని, ఊరి పెద్దలు గాని ఆమె తరఫున క్షమించడానికి వీల్లేదు. ఆమె వదిలెయ్యమన్నా, అశ్వత్థామ తలమీది మణి తీసుకున్న తర్వాతే పంపించారు. నిజం చెప్పమని అడిగితే అది పగ కాదు" అన్నాను.

ఆమె కాసేపు పుస్తకం అంచు సవరిస్తూ నిలబడింది.

"మా అమ్మ అడిగేది కూడా అంతే మాస్టారూ. ఆ రాత్రి మా నాన్నను పేరుపెట్టి పిలిచి బయటికి తీసుకుపోయింది ఎవరో వాళ్ల నోటితో చెప్పమంటుంది. చెబితే, ఆ పంక్తి భోజనం తానే వండుతానంటుంది."