హామ్‌స్టర్ బుగ్గలో పసుపు పరీక్ష

కోస్గి, కొడంగల్ ప్రాంతాల్లో దవడకు తంబాకు పెట్టుకుని పనిలోకి దిగే కూలీలకు కొదవ లేదు. విషపు రసాయనాలు నోటి కండను ఏం చేస్తాయో తెలుసుకోవాలంటే మనిషి బుగ్గపై పూసి చూడలేరు కదా! అందుకు శాస్త్రజ్ఞులు ఎంచుకున్నది హామ్‌స్టర్ అనే ఎలుక జాతి జంతువును. గింజలు దాచుకోవడానికి దాని రెండు దవడల్లో సంచులుంటాయి. సంచిని మెల్లగా బయటకు లాగి, రసాయనం పూసి, కణితి పుట్టిందీ లేనిదీ కంటితోనే చూడవచ్చు. 1954లో అమెరికాలో శాలీ అనే పరిశోధకుడు ఈ దారి చూపాడు.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ కమలా కృష్ణస్వామి బృందం ఇదే పద్ధతిలో, పుండుకు మనం అద్దే పసుపును పరీక్షించి 1998లో ఫలితాలు ప్రచురించింది. బుగ్గ సంచికి పూసింది డీఎంబీఏ. పొగాకు పొగలోని కొన్ని విషాలకు దాయాది. ఇది కణంలోని డీఎన్‌ఏకు జిగురులా అంటుకుంటుంది. కణం రెండయ్యే ముందు డీఎన్‌ఏ నకలు తీసుకునేటప్పుడు, అంటుకున్న చోట అక్షరం తప్పుతుంది. ఆ తప్పునే ఉత్పరివర్తన అంటారు. క్యాన్సర్‌కు తొలిమెట్టు అదే. పసుపు ఇచ్చిన హామ్‌స్టర్లలో ఈ అంటు తగ్గింది, కణితులూ తక్కువగా లేచాయి.

అదే సంస్థ 1992లో వెలువరించిన మరో పరిశోధనలో 16 మంది పొగతాగేవారికి రోజుకు గ్రామున్నర పసుపు నెల రోజులు ఇవ్వగా, వారి మూత్రంలో ఉత్పరివర్తన కారకాలు తగ్గాయి. పసుపు మింగి తంబాకు నమలవచ్చని దీనికి అర్థం తీసేవారూ ఉంటారు. హామ్‌స్టర్లకు కణితులు తగ్గాయే గాని, రాకుండా పోలేదు.