నడిమి చీటీ

1906లో ఇంగ్లండులోని ప్లిమత్‌లో పశువుల ప్రదర్శన జరిగింది. బాగా బలిసిన ఎద్దును చూపించి, కోసి శుభ్రం చేశాక అది ఎన్ని పౌన్లు తూగుతుందో చెప్పమని పందెం పెట్టారు. జనం ఆరు పెన్నీలు పెట్టి చీటీ కొని, ఎవరికి తోచిన అంకె వాళ్లు రాశారు. తర్వాత ఆ చీటీలు బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ చేతికొచ్చాయి. పనికిరానివి తీసేస్తే 787 మిగిలాయి.

వాటిని చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు వరుసగా పేరిస్తే సరిగ్గా నడుమ పడేది 394వ చీటీ. దానికి ముందు 393, వెనుక 393. ఆ నడిమి అంకె 1207 అని గాల్టన్ 1907లో ‘నేచర్’ పత్రికలో రాశాడు. అదే మధ్యగతం. ఎద్దు తూగింది 1198. తేడా తొమ్మిది పౌన్లే!

సగటు కట్టకుండా ఇదెందుకు? సొమ్ము తేల్చాల్సిన కమిటీల్లో సగటు కడితే, ఎవరు ఎంత విపరీతంగా మాట్లాడితే వాళ్లకు అంత బలం వస్తుందని గాల్టన్ అభ్యంతరం. నాకైతే అది సబబుగానే తోస్తుంది. తొమ్మిది మంది కూర్చుని, నష్టపరిహారం ఎన్ని వేలు ఇవ్వాలో చీటీల మీద రాశారనుకుందాం: 4, 7, 9, 12, 15, 18, 21, 26, 40. మధ్యగతం అయిదో అంకె, 15. సగటు దాదాపు 17. ఇప్పుడు 40 రాసినాయన పంతానికి పోయి 400 రాశాడనుకోండి. సగటు ఒక్కసారిగా 57కి ఎగబాకుతుంది. మధ్యగతం మాత్రం 15 దగ్గర కదలదు. (పదో మనిషి కూడా ఉంటే నడుమ రెండు అంకెలు పడతాయి, వాటిని కూడి సగం చేస్తే సరి.)

అయితే వాళ్లలో వాళ్లకు ఎంత తేడా ఉందో మధ్యగతం చెప్పదు. అందుకు చతుర్థాంశాలు కావాలి. 15ను పక్కన పెట్టి, కింది నాలుగు అంకెలకు మళ్లీ మధ్యగతం కట్టండి: 7కూ 9కూ నడుమ, 8. పై నాలుగింటికి 21కీ 26కీ నడుమ, 23.5. ఇవే మొదటి, మూడో చతుర్థాంశాలు. నడుమనున్న దాదాపు సగం మంది ఈ రెండింటి మధ్యే ఉన్నారు.

ఇక్కడే పిల్లలు తికమకపడతారు. కొన్ని పుస్తకాలు 15ను రెండు సగాల్లోనూ కలుపుతాయి. అప్పుడు జవాబులు 9, 21. రెండూ చెల్లే పద్ధతులే. ఎక్సెల్‌లోనూ ఈ రెండు జవాబులకు రెండు వేర్వేరు ఫార్ములాలు ఉన్నాయి. పరీక్షలో మీ పుస్తకం ఏది చెబితే అదే రాయండి. వందల అంకెలున్న చోట ఈ తేడా లెక్కలోకి రాదు.

గాల్టన్ చీటీల్లో మొదటి చతుర్థాంశం 1162, మూడోది 1236. మధ్యగతం నుంచి కిందికి 45, పైకి 29. అంటే తక్కువ చెప్పినవాళ్లు కిందికి దూరదూరంగా చెదిరిపోయారు, ఎక్కువ చెప్పినవాళ్లు మధ్యగతానికి దగ్గరగానే మూగారు.