ఇంటి సారె, ఊరి మట్టి: వికారాబాద్, తాండూరు నేల నేర్పే కుండల విద్య

కుండలు చేయడాన్ని జీవనోపాధిగా కాక తీరిక వేళల వ్యాపకంగా చేపట్టి, ఇంటి వరండాలోనో, మిద్దె మీదనో, పెరట్లోని రేకుల షెడ్డులోనో ఒక సారెను నిలుపుకొని పనిచేసేవారిని అభిరుచి కుమ్మరులు అనవచ్చు. ఈ ధోరణికి ప్రపంచవ్యాప్తంగా బలం చేకూర్చినవాడు బ్రిటిష్ కుమ్మరి బెర్నార్డ్ లీచ్. 1940లో ఆయన వెలువరించిన ‘ఎ పాటర్స్ బుక్’ కులవృత్తితో సంబంధం లేని వేలాదిమందిని మట్టిపని వైపు నడిపించింది. మన దేశంలో 1952లో గురుచరణ్ సింగ్ నెలకొల్పిన ఢిల్లీ బ్లూ పాటరీ, 1971లో రే మీకర్, డెబోరా స్మిత్ దంపతులు పుదుచ్చేరిలో ప్రారంభించిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ ఈ బాటను విస్తరింపజేశాయి. అయితే ఇప్పటి పుస్తకాలూ శిక్షణలూ ఎక్కువగా శుద్ధిచేసిన మట్టిని దృష్టిలో పెట్టుకొని సాగుతాయి. ఇంటి చుట్టుపక్కల దొరికే మట్టితో పనిచేయదలచిన వ్యక్తి మాత్రం సారె ఎక్కడానికి ముందే నేలను చదవడం నేర్చుకోక తప్పదు. అందుకు వికారాబాద్, తాండూరు ప్రాంతం కంటే మంచి పాఠశాల దొరకడం కష్టం.

రెండు ఊళ్లు, రెండు నేలలు

2016 అక్టోబరు 11న ఏర్పడిన వికారాబాద్ జిల్లాలో ఈ రెండు పట్టణాలకూ నడుమ దూరం సుమారు 40 కిలోమీటర్లే అయినా, వాటి నేలల స్వభావం మాత్రం ఒకటి కాదు. వికారాబాద్‌ను ఆనుకొని ఉన్న అనంతగిరి కొండలు, మూసీనది పుట్టిన చోటు, జేగురురాతి పొరతో కప్పబడి ఉన్నాయి. ఇనుప ధాతువు మిగిలిపోయి, మిగతా ఖనిజాలు వానలకు కొట్టుకుపోగా ఏర్పడే ఈ రాయి ఎర్రటి మట్టిని ఇస్తుంది. ఇసుక పాలు ఎక్కువగా ఉండే ఎర్రచెల్కలు కూడా ఆ పరిసరాల్లో కనిపిస్తాయి. తాండూరు వైపు సాగేకొద్దీ నల్లరేగడి పరచుకొంటుంది. దాని అడుగున, ఇళ్ల అరుగులకూ గచ్చులకూ పేరుమోసిన నాపరాయి, అంటే పలకలు పలకలుగా విడివడే సున్నపురాయి, ఉంటుంది. తాండూరు పరిసరాల్లో సిమెంటు కర్మాగారాలు వెలిసినా, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది అక్కడే రుచి కట్టినా, ఈ నేల స్వభావమే మూలం.

కుండకు పనికివచ్చే మట్టి ఈ రెండింటిలో దేనిలోనూ నేరుగా దొరకదు. ఎర్రచెల్క మట్టికి జిగురు తక్కువ గనుక సారె మీద గోడ లేవదు. నల్లరేగడికి జిగురు ఎక్కువే గాని, నీరు పీల్చి ఉబ్బి, ఎండినప్పుడు బాగా కుంచించుకుపోయే గుణం వల్ల పాత్ర ఆరకముందే పగుళ్లు బారుతుంది. అందుకే ఊరి కుమ్మరులు తరతరాలుగా చెరువు అడుగున పేరుకున్న మెత్తని ఒండ్రును ఎంచుకొని, దానికి తగు పాళ్లలో ఇసుకనో, బూడిదనో, ఊకనో చేర్చుకొంటూ వచ్చారు. ఏ చెరువులో, ఏ మూల, ఎంత లోతున తీసిన మట్టి కుండకు నిలుస్తుందో తెలియడమే వారి విద్యలో మొదటి భాగం.

అభిరుచి కుమ్మరి ఈ ఎంపికను ఒక చిన్న పరీక్షతో తానే చేసుకోవచ్చు. నానబెట్టి పిసికిన మట్టిని బద్దలా సాగదీసి, దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీసి, నీడన పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ కొలిస్తే, గీత 9.3 సెంటీమీటర్లకు తగ్గి ఉన్నట్లయితే ఆ మట్టి ఆరుదలలో 7 శాతం కుంచించుకుపోయిందని అర్థం. ఇంతవరకు ఫరవాలేదు, 10 శాతం దాటితే మాత్రం మట్టిలో ఇసుకనో, కాల్చిన పెంకుల పొడినో కలిపి బిగువు తగ్గించాలి.

సున్నపు గింజ చేసే చేటు

తాండూరు ప్రాంతంలో మట్టిపని మొదలుపెట్టేవారికి ఎదురయ్యే అతి కఠినమైన చిక్కు సున్నానిది. నల్లరేగడిలో జొన్నగింజ నుండి రేగుపండు వరకు పరిమాణం గల తెల్లటి సున్నపు గుళ్లు కలిసి ఉంటాయి. రాయికోత, పాలిష్ పనులు సాగేచోట రాతిరజను కూడా మట్టిలో చేరవచ్చు. పచ్చి కుండలో అవి ఏ హానీ చేయవు. బట్టీలో వేడి 800 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత మాత్రం సున్నపురాయి బొగ్గుపులుసు వాయువును విడిచి పొడిసున్నంగా మారుతుంది. బట్టీ చల్లారి పాత్ర బయటికి వచ్చాక, ఆ పొడిసున్నం గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బడం మొదలుపెడుతుంది. కొన్ని రోజులకో వారాలకో పాత్ర పైభాగం నుండి గోరంత పెచ్చు టప్పున ఎగిరిపడుతుంది. పెచ్చు లేచిన గుంట అడుగున ఆవగింజంత తెల్లని చుక్క కనిపిస్తే దోషం సున్నానిదేనని నిర్ధారించుకోవచ్చు.

ఇందులో గమనించదగిన విశేషం మరొకటి ఉంది. పిడకలతో, కట్టెలతో కాల్చే నాటు వాములో వేడి చాలామటుకు 700 నుండి 900 డిగ్రీల నడుమ ఉంటుంది. తక్కువ వేడిలో కాలిన కుండలో సున్నపురాయి మారకుండా రాయిగానే నిలిచిపోతుంది గనుక పెచ్చు లేచే ప్రమాదం తక్కువ. అదే మట్టిని ఇంట్లోని విద్యుత్ బట్టీలో, పుస్తకంలో రాసి ఉన్నదని 1000 డిగ్రీల వరకు కాల్చితే, ఊరి వాములో నిలిచిన మట్టి ఇక్కడ చెడుతుంది. వేడి పెరిగితే నాణ్యత పెరుగుతుందనే నమ్మకం అన్ని మట్టులకూ వర్తించదని, ఏ మట్టికి ఆ మంట వేరని ఈ నేల నేర్పుతుంది.

దీనికి విరుగుడు ఉన్నది. ఎండిన మట్టి మీద నాలుగు చుక్కల వెనిగరో నిమ్మరసమో వేసినప్పుడు బుసబుస పొంగితే సున్నం ఉన్నట్లే. అటువంటి మట్టిని నీటిలో పలుచగా కలిపి, అంగుళానికి 40 రంధ్రాలుండే జల్లెడలో వడపోస్తే ముతక గింజలు పైన నిలిచిపోతాయి; జల్లెడ దాటిపోయే సన్నని సున్నపు పొడి సాధారణంగా పెచ్చులు లేపదు, పైగా అది ఎక్కువగా ఉన్న మట్టి కాలిన తరువాత ఎరుపు తగ్గి లేత పసుపుచాయకు తిరుగుతుంది. అప్పటికీ అనుమానం ఉంటే, బట్టీ నుండి తీసిన వెంటనే పాత్రను నీటిలో పూర్తిగా ముంచి నానబెట్టడం ఇటుకల తయారీలోనూ వాడుకలో ఉన్న ఉపాయం; అలా చేస్తే సున్నం మెల్లగా ఉబ్బి పాత్రను పగలగొట్టే బదులు ఒక్కసారిగా తడిసి మెత్తబడుతుంది.

ఆరబెట్టడంలోనే సగం విద్య

సారె తిప్పడం చూడటానికి ముచ్చటగా ఉంటుంది గనుక కొత్తవారి శ్రద్ధ అంతా దాని మీదనే నిలుస్తుంది. కాని విరిగిపోయే పాత్రలలో చాలా భాగం సారె దిగిన తరువాతనే విరుగుతాయి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో, గాలికి అంచు ముందుగా ఆరి బిగుసుకొని, మందంగా ఉండే అడుగు ఇంకా తడిగా ఉండిపోతుంది. ఒకే పాత్రలోని రెండు భాగాలు రెండు వేగాలతో కుంచించుకుపోయినప్పుడు, వాటి నడుమ పగులు పుట్టక మానదు. అంచుకు తడిగుడ్డ చుట్టడం, పాత్రను బోర్లించి అడుగుకు గాలి తగలనివ్వడం, మొదటి రెండు రోజులు గోనెసంచి కప్పి నీడన ఉంచడం వంటి జాగ్రత్తలు అందుకే అవసరమవుతాయి. వానకాలంలో చిక్కు తిరగబడుతుంది: పైకి ఆరినట్లు కనిపించే గోడలో తేమ దాగి ఉంటుంది. పాత్రను చెంపకు ఆనించినప్పుడు చల్లగా తగిలితే అందులో నీరింకా ఉన్నట్లేనన్నది అనుభవజ్ఞులు పాటించే గుర్తు.

ఆ తేమ బట్టీలో ఎందుకు ప్రమాదమో కూడా తెలిసి ఉండాలి. 100 డిగ్రీల దగ్గర నీరు ఆవిరై వ్యాపించేటప్పుడు దారి దొరకకపోతే గోడను పేల్చివేస్తుంది. 450 నుండి 600 డిగ్రీల నడుమ మట్టి కణాలతో రసాయనికంగా బంధించబడిన నీరు విడిపోతుంది. అక్కడితో మట్టి మట్టిగా ఉండటం ముగుస్తుంది, ఇక నీటిలో వేసినా కరగదు. 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని స్ఫటికశిల ఉన్నట్లుండి వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అదే చోట ముడుచుకుంటుంది. ఆ దశలో తొందరపడి బట్టీ మూత తెరిస్తే పాత్ర నిలువునా చీలవచ్చు. కుమ్మరులు వామును మొదట పొగమంటతో చాలాసేపు కాచి, ఆ తరువాతనే కట్టె ఎగదోయడంలోనూ, మంట ఆరిన మరునాటి దాకా వామును కదపకపోవడంలోనూ ఈ శాస్త్రమంతా ఇమిడి ఉంది.

ఇంట్లో కాల్చేవారికి రెండు మార్గాలున్నాయి. పెరడు ఉన్నవారు పిడకలు, ఊక, ఈ ప్రాంతంలో విరివిగా దొరికే కందికట్టె పేర్చి చిన్న గుంతవాము కాల్చవచ్చు. కాని పొగ, నిప్పురవ్వలు, ఇరుగుపొరుగు ఇబ్బంది ఆలోచించుకోవాలి. గాలి ధారాళంగా ఆడితే పాత్ర ఎర్రగా, పొగ కమ్మి గాలి అందకపోతే నల్లగా వస్తుంది. మట్టిలోని ఇనుము ప్రాణవాయువును కలుపుకోవడం వల్ల ఎరుపు, ఆ ఇనుము ప్రాణవాయువును కోల్పోవడంతో పాటు పొగలోని మసి పట్టడం వల్ల నలుపు వస్తాయి. దక్షిణ భారతమంతటా ఇనుపయుగపు సమాధులలో బయటపడే నలుపు-ఎరుపు పాత్రలు ఈ రహస్యం ఎంత పాతదో చెబుతాయి. రెండో మార్గమైన విద్యుత్ బట్టీలో ఖర్చు లెక్క తేలికగా తేలుతుంది: 4 కిలోవాట్ల బట్టీ 8 గంటలు నిండుగా పనిచేస్తే 32 యూనిట్లు కాలుతాయి. కాబట్టి పాత్రలు రెండో మూడో అయినప్పుడే కాల్చక, బట్టీ నిండే వరకు ఆగడం మేలు.

వాడుకకు నిలిచే పాత్ర

నాటు కుండ అడుగు గుండ్రంగా ఉండటానికి కారణం అందం ఒక్కటే కాదు. సారె మీద పైభాగం తీర్చి, లోపల రాయి ఆనించి బయట చెక్కబద్దతో చరుస్తూ అడుగును పలుచన చేయడం వల్ల, మూలలు లేని గోడ మీద మంట వేడి సమంగా పరచుకొంటుంది. విద్యుత్ సారె మీద కొత్తవారు చేసే పాత్రల అడుగు సాధారణంగా సమతలంగా, మందంగా ఉంటుంది; అవి బల్ల మీద నిలుస్తాయి గాని పొయ్యి మీద ఎక్కువకాలం నిలవవు. కాలిన పాత్రను వేలి కణుపుతో తట్టినప్పుడు ఖంగుమని మోగితే గట్టిదని, మొద్దుగా పలికితే ఎక్కడో కనబడని పగులు ఉన్నదని అర్థం. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలోని కుమ్మర గుండయ్య కథలో కుండ మోత శివుణ్ణే నాట్యమాడిస్తుంది. ఆ కథను కట్టినవారికి కుమ్మరి చెవి ఎంత ముఖ్యమో తెలిసే ఉండాలి.

నీటికుండ గొప్పతనం దాని సన్నని రంధ్రాలలో ఉన్నది. గోడ గుండా ఊరిన నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని తీసుకొనిపోతుంది. ఒక కిలో నీటిలో 10 గ్రాములు అలా ఆవిరైతే, బయటి వేడి చేరకుండా ఉన్నట్లయితే, మిగిలిన నీరు దాదాపు 6 డిగ్రీలు చల్లబడుతుంది. అందుచేత నీటికుండకు, రంజనుకు మెరుగుపూత పూయడం దాని ప్రయోజనాన్ని చెరపడమే అవుతుంది. మెరుగుపూత, అనగా కాల్చినప్పుడు గాజులా కరిగి పాత్రకు అంటుకొనే పొర, భోజనపు గిన్నెలకు కావాలనుకుంటే సీసం లేనిదని రూఢి చేసుకోవాలి. చింతపండు పులుసు, నిమ్మ వంటి పుల్లని పదార్థాలు సీసాన్ని పూతలో నుండి ఆహారంలోకి దించగలవు. ఎండిన మట్టి ధూళిలో ఊపిరితిత్తులకు హాని చేసే సిలికా ఉంటుంది గనుక, పనిచేసిన చోటును చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవాలి.

కులవృత్తికి ఉన్న రుణం

అభిరుచి కుమ్మరికీ కుమ్మరి వాడకూ ఒక తేడా ఎప్పుడూ ఉంటుంది. ఇంటి వ్యాపకంలో పగిలిన పాత్ర ఒక పాఠం. వృత్తిలో అది ఆ పూట కూలి. సంక్రాంతి నోముల గురుగులు, పెళ్లిళ్లలో ఐరేని కుండలు, ఆషాఢంలో బోనం కుండలు, దీపావళి ప్రమిదలు, వేసవి రంజన్లు, పిల్లల గల్లగురిగిలు అన్నీ ఒకప్పుడు ఊరి వాములోనే కాలేవి. ఉక్కు, ప్లాస్టిక్ వచ్చిన తరువాత ఆ గిరాకీ చాలావరకు పండుగలకు పరిమితమైంది. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018లో కుమ్హార్ సశక్తీకరణ్ కార్యక్రమం ద్వారా విద్యుత్ సారెల పంపిణీ మొదలుపెట్టడం శ్రమను తగ్గించిన మాట నిజమే గాని, కొనేవారు లేకుండా యంత్రం ఒక్కటే వృత్తిని నిలపలేదు.

కాల్చని మట్టిని ఎన్నిసార్లయినా నానబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. కాల్చిన తరువాత ఆ అవకాశం లేదు. నచ్చని పాత్రను కాల్చకముందే నిర్దాక్షిణ్యంగా నీటిలో వేయగలగడం అభిరుచి కుమ్మరి అలవరచుకోవలసిన గుణం. కట్టె, కరెంటు, మట్టి మూడూ దానివల్ల ఆదా అవుతాయి. మట్టి విషయంలోనైతే అంతకంటే సులువైన దారి మరొకటి ఉంది. వికారాబాద్, తాండూరు పరిసరాల్లో ఈ పని మొదలుపెట్టదలచినవారు దూరప్రాంతపు మట్టి బస్తాకు డబ్బు కట్టేముందు తమ ఊరి కుమ్మరి ఇంటికి వెళ్లి, చెరువు మట్టిని ఆయన దగ్గరే కొని, దాన్ని తొక్కి పదును పెట్టే విధానాన్ని ఆయన దగ్గరే నేర్చుకొని, ఆ నేర్పుకు బడిపంతులుకు ఇచ్చినట్లుగానే రుసుము చెల్లించాలి. ఆయన చేతిలో ఉన్న లెక్కలు ఇంకా ఏ పుస్తకానికీ ఎక్కలేదు.