మిల్లు దుమ్ముకు చట్టం ఉంది, పొయ్యి పొగకు ఎవరుండారు?

మన ఆండిపట్టి చుట్టుపక్కల, టి. సుబ్బులాపురం దాకా, మిల్లుకో మగ్గానికో పోని ఇల్లు మనవాళ్లలో తక్కువ. అందుకే దూది దుమ్ము సంగతి ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. బేళ్లు విప్పే బ్లోరూంలో, కార్డింగ్‌లో ఆ దుమ్ము ఎక్కువ. ఏళ్ల తరబడి దాన్ని పీల్చినవాళ్లకు బిసినోసిస్ అనే జబ్బు వస్తుంది. వారం సెలవు అయ్యి మళ్లీ పనికి పోయిన మొదటిరోజు గుండెలు పట్టేసినట్టు ఉంటుంది, తర్వాత సడలుతుంది. ముదిరితే సెలవురోజు కూడా ఊపిరి ఆడదు.

ఈ జబ్బు పేరు చట్టంలోనే రాసి ఉండాది. దుమ్ము కార్మికుడి ముక్కులోకి పోకుండా యజమాని ఏర్పాటు చెయ్యాల, జబ్బు కనిపెట్టిన డాక్టరు సర్కారుకు తెలపాల. రాసిందంతా జరుగుతుందా అంటే, కార్డింగ్‌లో ముప్ఫై ఏండ్లు నిలబడినవాణ్ణి, నాకు తెలుసు. అయినా అడగడానికి ఒక చట్టం ఉంది, ఒక ఇన్‌స్పెక్టరు ఉండాడు.

మరి మన ఆడవాళ్లు పొయ్యి ముందర పీల్చే పొగకు? దాన్ని చూసిపోయే ఇన్‌స్పెక్టరు లేడు. మిల్లులో షిఫ్టు ఎనిమిది గంటలు. ఇంట్లో తెల్లారకముందే పొయ్యి వెలుగుతుంది, రాత్రి నీళ్లు కాగేదాకా ఆరదు. వారం సెలవు కూడా లేదు.

ఆ పొగను కొలిచినవాళ్లు మాత్రం ఉండారు. చెన్నైలో శ్రీ రామచంద్ర వైద్య కళాశాలలో డాక్టర్ కల్పనా బాలకృష్ణన్, ఆమెతో పనిచేసేవాళ్లు, తెలుగుదేశంలో నిజామాబాదు, వరంగల్లు, రంగారెడ్డి జిల్లాల పల్లెల్లో నాలుగు వందల ఇండ్లకు పైగా పోయి, ఒక్కో ఇంట్లో 24 గంటలు గాలిని కొలిచినారు. 2004లో ఆ లెక్క అచ్చయింది. గ్యాసు వాడే ఇంట్లో ఒక ఘనమీటరు గాలిలో సన్న ధూళి సరాసరి 73 మైక్రోగ్రాములు. కట్టెలు, పిడకల ఇండ్లలో అది 732 దాకా పోయింది. గ్రామును పది లక్షల పాళ్లు చేస్తే అందులో ఒక పాలు మైక్రోగ్రాము. కంటికి ఆనని ధూళి అది, నేరుగా ఊపిరితిత్తుల అడుక్కు పోతుంది. ఏం కాలుస్తామో, ఎంత కాలుస్తామో, వంటగది ఎట్లా కట్టినారో, వీటిని బట్టి లెక్క మారింది.

తర్వాత అదే చెన్నైవాళ్లు మన తమిళనాట విళుప్పురం, నాగపట్నం వైపు ఇంకొకటి చేసినారు. గ్వాటిమాలా, పెరూ, రువాండా దేశాల్లోనూ అదే పని జరిగింది, మొత్తం సుమారు 3,200 మంది గర్భిణులు. సగంమందికి 18 నెలలు పొయ్యి, గ్యాసు ఉచితంగా ఇచ్చినారు. 2022లో వచ్చిన ఫలితం ఇది: కట్టెల పొయ్యి ఆడవాళ్లు పీల్చే సన్న ధూళి 70 మైక్రోగ్రాముల దగ్గర ఉంటే, గ్యాసువాళ్లది 24కు దిగింది. పుట్టిన బిడ్డల బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దాన్నీ దాచకుండా చెప్పినారు. గ్యాసు ఒక్కటి వస్తే అన్నీ సర్దుకుంటాయని ఎవరూ అనలేదు. కానీ పొగ తగ్గుతుంది, అది మాత్రం నిజం.

ఇక్కడ మనం గమనించాల్సింది ఇంకొకటి: గ్యాసు చేతికి అందినప్పుడు అక్కడి ఆడవాళ్లు కట్టెల పొయ్యి దాదాపు మానేసినారు. పాత అలవాటు వదలరు అనే మాట సరికాదు. 2007లోనే తమిళనాడు సర్కారు ఉచిత గ్యాసు పొయ్యిలు ఇచ్చింది. పొయ్యి ఇంట్లో ఉండాది, సిలిండరు నింపే డబ్బే చేతిలో నిలవదు. అందుకే వంట గ్యాసు మీద, నీళ్లు కట్టెల మీద.

డబ్బు లేకుండా చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. నీళ్ల పొయ్యి ఇంటి బయటికి మార్చండి. పొయ్యి రాజేయడానికి మిల్లు వేస్టు నూలు, ప్లాస్టిక్ సంచి వాడొద్దు. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని ఊదుగొట్టం పట్టొద్దు. బొగ్గుల కుంపటి తలుపు మూసిన గదిలో పెట్టుకుని పడుకోవద్దు, అది ప్రాణం తీస్తుంది. దోమల చుట్ట కూడా పొగే: ఒక చుట్ట పూర్తిగా కాలితే వచ్చే సన్న ధూళి 75 నుండి 137 సిగరెట్లకు సమానమని 2003లో లెక్క తేల్చినారు. దోమతెర మేలు. మిల్లు నుండి వచ్చిన మగవాళ్లు చొక్కా బయట దులిపి లోపలికి రండి.

దగ్గు రెండు వారాలు దాటితే పొగ దగ్గే కదా అని ఊరుకోకుండా సర్కారు ఆసుపత్రికి పోయి కఫం పరీక్ష చేయించుకోవాల.

లైను ఇండ్లలో బాడుగకు ఉన్నవాళ్లు గోడ పగలగొట్టలేరు. కానీ పదిండ్లవాళ్లు కలిసి పోతే, వంటగదికి ఒక కిటికీ, ఒక పొగగొట్టం ఇంటి యజమానిని అడగొచ్చు. మిల్లులో ఫ్యానుకూ ఫిల్టరుకూ మనం అట్లనే గుంపుగా పోయి అడిగినాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో ఇంటి పొగ వల్ల లోకంలో 32 లక్షలమంది చనిపోయినారు. ఆ లెక్కలో ఎక్కువగా ఉండేది పొయ్యి ముందర కూర్చునేవాళ్లూ వాళ్ల పక్కనుండే పిల్లలే. వాళ్ల తరఫున అడగడానికి మనకు యూనియన్ కార్డు అక్కర్లేదు.