ముత్యాల గర్భం: పరీక్షలు మధ్యలో ఆపొద్దు

నెల తప్పింది, పరీక్షలో గర్భమని తేలింది. తీరా స్కానింగ్ చేస్తే బిడ్డ లేదు, ద్రాక్షగుత్తిలా నీటి బుడగలు కనిపించాయి. ఇదే ముత్యాల గర్భం. ఫలదీకరణ సమయంలో జరిగే తేడా వల్ల ఇలా అవుతుంది. తిన్న తిండి వల్లో, ఎత్తిన బరువు వల్లో వచ్చేది కాదు. కాబట్టి కోడలిని నిందించకండి.

బుడగలను సక్షన్‌తో తొలగించాక, బ్లీడింగ్ ఆగగానే అంతా అయిపోయిందనుకుంటారు. చిక్కంతా అక్కడే. పూర్తి ముత్యాల గర్భం వచ్చినవారిలో సుమారు 15 నుంచి 20 శాతం మందికి మాయ కణాలు లోపల మిగిలి మళ్లీ పెరుగుతాయి. ఇవి రక్తం ద్వారా ఊపిరితిత్తులకూ పాకవచ్చు. వీటిలో తీవ్రమైన రకమే కోరియోకార్సినోమా అనే అరుదైన క్యాన్సర్. మామూలు కాన్పు, అబార్షన్ తర్వాత కూడా ఇది అరుదుగా రావచ్చు.

రక్తపరీక్షే కాపలా

మాయ కణాలు హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను విడుదల చేస్తాయి. అది వరుసగా మూడుసార్లు నార్మల్ వచ్చేవరకు వారం వారం, తర్వాత డాక్టర్ చెప్పినన్నాళ్లు నెలకోసారి పరీక్ష చేయించాలి. తగ్గుతున్న అంకె నిలిచిపోయినా, పెరిగినా చికిత్స అవసరం. గర్భం వచ్చినా హెచ్‌సీజీ పెరుగుతుంది. అందుకే అప్పటిదాకా గర్భనిరోధక పద్ధతి పాటించాలి.

మన తెలుగువాడి మందు

ఈ జబ్బుకు ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం అమెరికాలో దీన్ని తయారుచేసింది. ఆయన 1948లో కన్నుమూశారు. 1956లో అక్కడి వైద్యులు లీ, హెర్ట్జ్ ఇదే మందుతో కోరియోకార్సినోమాను తగ్గించి చూపారు. గడ్డకట్టే క్యాన్సర్ మందులతోనే నయమవుతుందని లోకానికి అప్పుడే తెలిసింది.

నయమవుతుందా?

రోగి వయసు, హెచ్‌సీజీ స్థాయి, పాకిన చోటు వంటివి చూసి స్కోరు వేస్తారు. స్కోరు 6 వరకు ఉంటే సాధారణంగా ఒకే మందు చాలు. దాదాపు అందరికీ నయమవుతుంది. 7 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే కొన్ని మందులు కలిపి ఇస్తారు. వీరిలోనూ ఎక్కువమంది కోలుకుంటారు. చాలామందికి గర్భాశయం తీయనక్కర్లేదు. చికిత్స ముగిశాక ఏడాది ఆగి పిల్లల్ని కనవచ్చు. మళ్లీ ముత్యాల గర్భం వచ్చే అవకాశం సుమారు ఒక శాతమే.

ఇలా ఉంటే ఆలస్యం వద్దు

• కాన్పు లేదా అబార్షన్ అయిన ఆరు వారాల తర్వాతా బ్లీడింగ్
• దగ్గులో రక్తం, ఆయాసం
• విడవని తలనొప్పి, ఫిట్స్

దగ్గులో రక్తం పడగానే మనకు టీబీయే గుర్తొస్తుంది. ఆ పరీక్ష చేయించాల్సిందే. దాంతోపాటు ఇటీవలి కాన్పు, అబార్షన్ గురించీ డాక్టరుకు చెప్పండి.

నడిగూడెం నుంచి వారం వారం కోదాడకో సూర్యాపేటకో వెళ్లిరావడం శ్రమే. అయినా మానొద్దు. రిపోర్టులన్నీ తేదీలవారీగా ఒకే ఫైలులో పెట్టుకోండి. కీమో అవసరమైతే హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆరోగ్యశ్రీ వివరాలు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.